పెరగడానికి అనుమతి లేని దూడ

పశువుల చెవులకు పసుపు బిళ్లలు కుట్టే రోజుల్లో మా శాఖకు ఒక చిక్కు ఉండేది. బిళ్లలు ఊడిపోయేవి. కంచెకు తగులుకుని కొన్ని పోయేవి, పక్కనున్న గేదె నమిలేస్తే కొన్ని పోయేవి, బాగున్నాయని పిల్లలు పీక్కుపోగా కొన్ని పోయేవి. బిళ్ల ఊడిన ఆవు పాకలో ఉంటుంది గానీ లెక్కల్లో ఉండదు. లెక్కల్లో లేని ఆవుకు టీకా వేయడం ఎలాగో నిబంధనల్లో రాయలేదు. నేను గుమ్మలవలస పశువుల డాక్టరును కాబట్టి చూసీచూడనట్టు వేసేసేవాణ్ణి.

ఇలా ఉండగా రాజధానిలో ఎవరో పెద్దలు ఒక సదస్సు జరిపి, ఏ పశువు ఊపిరి దానిదే అని కనిపెట్టారు. బిళ్ల ఊడుతుంది, తాడు తెగుతుంది, ఊపిరి మాత్రం ప్రాణమున్నంత కాలం పోదు కదా అన్నారు. ఆ మాట కాదనడానికి లేదు. సదస్సు భోజనాలతో సహా జయప్రదంగా ముగిసింది. ఆ తర్వాత మాకు శ్వాసముద్ర పథకం వచ్చింది. 'ఒక్క ఊపిరి, జీవితమంతా ఉనికి' అన్నది నినాదం. గోడల మీద నినాదం రాయడానికి నీలం రంగు ముందుగా వచ్చింది, మిషన్లు తీరిగ్గా వచ్చాయి.

మిషనంటే ఒక పెట్టె, పెట్టెకో గొట్టం, గొట్టం చివర ఎద్దు మూతికి కట్టే చిక్కంలాంటి రబ్బరు తొడుగు. దూడ పుట్టిన రోజే మూతికి ఆ తొడుగు తగిలించాలి. అది ఎంత త్వరగా ఊపిరి తీస్తోంది, ఒక్కో ఊపిరికి ఎంత గాలి పీలుస్తోంది అన్నది పెట్టె కొలిచి దాచుకుంటుంది. అదే ఆ పశువు ముద్ర. జనం దానికి ఊపిరిపెట్టె అని పేరు పెట్టుకున్నారు. మా కంటే వాళ్లే నయం, చూసింది చూసినట్టు పిలుస్తారు.

పథకానికి ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారు వచ్చారు. సన్నటి మనిషి, చొక్కాకు మడత నలగదు. ఆయన ఉద్యోగమంతా తూనికలు కొలతల శాఖలో గడిచింది. మాకు శిక్షణ ఇచ్చిన రోజున నేను లేచి, దూడ ఊపిరి వేరు, ఆవు ఊపిరి వేరు, పెరిగేకొద్దీ అది మారుతుంది కదా అని అడిగాను. అడగకుండా కూర్చుంటే టిఫిన్ వేళకు బయటపడేవాళ్లం.

"డాక్టర్ గారూ, నేను పాతికేళ్లు కిలో రాళ్లకు ముద్రలు వేశాను. ఒక్క రాయైనా పెరిగి రెండు కిలోలు కావడం నేను చూడలేదు. ముద్ర అంటే మారనిది. మారేదైతే దాన్ని ముద్ర అనం" అన్నారాయన.

రాయి గడ్డి తినదు కదండీ అన్నాను. నా అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నామని చెప్పి టిఫిన్‌కు లేచారు.

పథకం ప్రారంభోత్సవానికి ఆ రోజే పుట్టిన దూడ కావాలి. మా మండలంలో ఆ ముహూర్తానికి ఈనడానికి సిద్ధంగా ఉన్నది బోణంగి అసిరమ్మ ఆవు ఒక్కటే. అసిరమ్మ ఒంటి మనిషి, మాటలో మొహమాటం లేదు. ఆ ఆవు పాలతోనే ఆమె పొయ్యి వెలిగేది. మేం ఆమె పెరట్లో షామియానా వేసుకుని కూర్చున్నాం. ఆవుకు మా ముహూర్తం సంగతి తెలియదు. సాయంత్రం దాకా గడ్డి తిని, వచ్చిన పెద్దలు ఒక్కొక్కరే కార్లెక్కాక తాపీగా ఈనింది. ఎర్రటి పెయ్యదూడ, నుదుటి మీద తెల్లటి చుక్క. అసిరమ్మ దానికి చుక్కి అని పేరు పెట్టింది. ఇంకా ఒళ్లు తడారని చుక్కి మూతికి పరాంకుశం గారు స్వహస్తాలతో తొడుగు తగిలించారు. పెట్టె కూసింది. అసిరమ్మ, చుక్కి, పరాంకుశం గారు కలిసి ఫోటో దిగారు. ఆ ఫోటోనే పెద్ద పోస్టరు వేయించి మా ఆఫీసు గోడకు అంటించారు. అందులో చుక్కి నుదుటి చుక్క వీధిలోంచి చూసినా కనబడేది.

తర్వాత దూడలన్నీ చేయకూడని పని ఒకటి చేశాయి. పెరిగాయి.

చుక్కి కూడా పెరిగింది. దాని తల్లి ముసలిదై చనిపోయింది. అసిరమ్మ ఆశంతా చుక్కి మీదే పెట్టుకుంది. రెండు పూటలా కుడితి పెట్టి, దోమలు కుట్టకుండా పొగ వేసి, సొంత కూతురికి చేసినట్టు చేసింది. చుక్కి చూలు కట్టింది, నెలలు నిండుతున్నాయి. ఈనబోయే ఆవులకు సర్కారు రాయితీ దాణా ఇస్తోందని తెలిసి అసిరమ్మ దాన్ని తోలుకుని మా ఆఫీసుకు వచ్చింది. దాణా బస్తా ఇవ్వాలంటే ముందు ముద్ర సరిచూడాలి. తొడుగు తగిలించాం. పెట్టె ఎర్రదీపం వెలిగించి, ఈ పశువు మాకు తెలియదు అంది.

పరాంకుశం గారు స్వయంగా విచారణ జరిపారు. ఆయన తేల్చినదాని ప్రకారం రెండు నేరాలు జరిగాయి. మొదటిది, శ్వాసముద్రలో నమోదైన చుక్కి అనే దూడ కనిపించడం లేదు. రెండవది, అదే యజమాని వద్ద ఎవరిదో తెలియని ఆవు ఒకటి కనిపిస్తోంది. దూడను మాయం చేసి ఆవును తెచ్చుకున్నారన్న అనుమానానికి బలమైన ఆధారాలున్నాయి కనుక, సదరు ఆవును విచారణ ముగిసేవరకు ఆఫీసు వెనక బందెలదొడ్డిలో నిర్బంధించవలసిందిగా ఆదేశించారు.

అసిరమ్మ గోడ మీది పోస్టరు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఇదేటి బాబూ, ఇందల నా పక్కనున్నది ఇదే కదా. సుక్క సూడండి. మీరు కూడా ఉన్నారు. మీ పెట్టికి కళ్లు నేవా?"

పరాంకుశం గారు పోస్టరునూ ఆవునూ మార్చి మార్చి చూశారు. పోలిక ఉన్న మాట నిజమేనని, అయితే పోలికల ఆధారంగా నిర్ణయం తీసుకునే అధికారం తమకు లేదని చెప్పారు. మిషను మాటే తుది మాట, దాన్ని తిరగరాసే అధికారం ఎవరికీ లేదు. అలా రాయించిందీ ఆయనే.

చుక్కిని బందెలదొడ్డిలో కట్టేశారు. అక్కడి కాపలాదారు సన్నాసినాయుడు మంచివాడే, గడ్డి వేసేవాడు. కానీ నిబంధనల్లో మరో వాక్యం ఉంది. నిర్బంధంలో ఉన్న పశువుకు పుట్టిన దూడ ప్రభుత్వానికి చెందుతుంది. అసిరమ్మకు ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సన్నాసినాయుడు చెప్పాడు. ఆమె ఏడవలేదు. బందెలదొడ్డి గోడవారగా చాప పరుచుకుని, అది ఈనేలోపు తోలుకుపోతానని, తోలుకుపోయేదాకా అక్కణ్ణుంచి కదలనని కూర్చుంది.

నేను పైవాళ్లకు ఉత్తరం రాశాను. దూడకు పక్కటెముకలు ఇంకా లేతగా ఉంటాయి, ఊపిరితిత్తులు చిన్నవి, అందుకని అది చిన్నచిన్న ఊపిర్లు గబగబా తీస్తుంది. పెరిగేకొద్దీ ఎముకలు గట్టిపడి ఛాతీ బిగుస్తుంది, ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, అప్పుడు ఊపిరి నిదానంగా, నిండుగా సాగుతుంది. ఇది జబ్బూ కాదు, మోసమూ కాదు, వయసు. కావాలంటే మీ ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతున్నప్పుడు పొట్ట చూడండి, పక్కన తాతగారిదీ చూడండి అని వివరంగా రాశాను. ఇంత తేలిక తెలుగులో నేను ఏనాడూ ఉత్తరం రాయలేదు.

జవాబు వెంటనే వచ్చింది, అక్కడే నాకు భయం వేసింది. 'తమరు ప్రస్తావించిన పెరుగుదల అనే అంశాన్ని పరిశీలించడమైనది. సదరు పెరుగుదలకు యజమాని ముందస్తు అనుమతి పొందినట్లు దాఖలాలు లేవు. అనుమతి లేని పెరుగుదలను ప్రభుత్వం గుర్తించజాలదు' అని ఉంది.

అది చదివి వినిపిస్తే అసిరమ్మ, గడ్డి పెట్టినప్పుడు ఎదగొద్దని దానికి చెప్పకపోవడం తన తప్పేనంది.

ఈలోగా జిల్లా అంతా ముద్రలు సరిచూడటం మొదలైంది. పెట్టె పెట్టిన చోటల్లా ఎర్రదీపమే. ఏ ఊరు చూసినా దూడలు మాయం, వాటి బదులు సరిగ్గా అన్నే తెలియని ఆవులు, ఎద్దులు. ఇంకెవరైనా అయితే మిషను సంగతి చూడమనేవారు. పరాంకుశం గారు పైకి పంపిన నివేదికలో, ఇంతకాలం ఎవరి కంటా పడని భారీ పశువుల మార్పిడి ముఠా శ్వాసముద్ర వల్ల బయటపడిందని రాశారు. ముఠా ఎంత తెలివైనదంటే ఒక్క దూడ తీసుకుపోయిన చోట సరిగ్గా ఒక్క ఆవునే, అదీ అదే రంగుది, వదిలిపెట్టిందట. పైనుంచి అభినందనలు వచ్చాయి. పొరుగు జిల్లాల వాళ్లు మా ఆఫీసు చూసి నేర్చుకోవడానికి వ్యాను కట్టించుకుని వచ్చారు.

పోయిన దూడల కోసం గాలింపు బృందాలు బయల్దేరాయి. వాటిలో ఒకటి అసిరమ్మ చాప దగ్గరకే వచ్చి, చుక్కి చిన్నప్పటి ఫోటో చూపించి, ఈ దూడను ఎక్కడైనా చూశారా అని అడిగింది. చూశానంది. ఎక్కడ అన్నారు. గోడ అవతలికి చెయ్యి చూపించింది. వాళ్లు గోడ అవతల చూసి, అక్కడ ఒక ఆవు మాత్రమే ఉందని రాసుకుని వెళ్లిపోయారు.

నిర్బంధించిన పశువులు బందెలదొడ్డి నిండి ఆఫీసు వరండాలోకి వచ్చాయి. నా కుర్చీ పక్కన ఒక ఎద్దు పడుకునేది. ఫైళ్ల కంటే అదే నయం, కదిలినప్పుడు తెలిసేది. మేత ఖర్చు పెరిగేసరికి పైవాళ్లు ఒక దారి చూపారు. తప్పుడు ఊపిరి తీస్తున్న పశువులకు సరైన ఊపిరి నేర్పి, ముద్రతో కలిస్తే వదిలేయవచ్చు. దాని పేరు శ్వాస సవరణ శిబిరం.

శిబిరంలో మొదటి పాఠం పరుగు. దూడలా గబగబా ఊపిరి తీయాలంటే పరిగెత్తాలి కదా. వరండా ఎద్దును ఆఫీసు చుట్టూ తిప్పారు. వేగం కలిసింది గానీ, ఎద్దు మునుపటికంటే ఎక్కువ గాలి పీల్చసాగింది. పెట్టె ఒప్పుకోలేదు. గాలి తగ్గించడానికి దాని పక్కటెముకల మీదుగా వెడల్పాటి పటకా బిగించారు. ఎద్దు కాసేపు పరాంకుశం గారి వంక చూసింది, తర్వాత ఆయన స్కూటరు మీద కూర్చుంది. ఆ రోజుకు శిబిరం ముగిసింది.

రెండో పాఠానికి చుక్కిని తీసుకురమ్మన్నారు. నిండు చూలు మీదున్న ఆవుకు పటకా కడితే రెండు ప్రాణాలకూ ముప్పు అని నేను అడ్డంపడ్డాను. ఎవరి ప్రాణాలని అడిగారాయన. చుక్కిదీ, కడుపులో దూడదీ అన్నాను. చుక్కి కనబడటం లేదు కనుక దానికి ముప్పు ఉందని ఎలా చెప్పగలమన్నారు. పటకా మళ్లీ మడిచి పెట్టించిన మాట నిజమే, కానీ అది నా మాట విని కాదు. అసిరమ్మ వచ్చి చుక్కి ముందు నిలబడి, ముందు తనకు కట్టమంది. మనుషులకు కట్టడానికి నిబంధన లేదు.

నేనిన్నేళ్లు చదివిన చదువు ఒక ఆవును దాని ఇంటికి పంపలేకపోయింది. మర్నాడు పొద్దున్నే బందెలదొడ్డికి వెళ్లేసరికి చుక్కి పక్కకు వాలి ఉంది. అసిరమ్మ దాని నడుం నిమురుతోంది. సన్నాసినాయుడు వేడినీళ్లు తెచ్చాడు. సాయం పట్టాల్సిన అవసరం పెద్దగా రాలేదు, తల్లి ఎలా ఈనిందో ఇదీ అలాగే ఎవరినీ పట్టించుకోకుండా ఈనింది. ఎర్రటి పెయ్యదూడ. నుదుటి మీద తెల్లటి చుక్క. చిన్న పొట్ట ఎగురుతోంది, లేత పక్కటెముకలు లోపలికీ బయటికీ ఊగుతున్నాయి, గబగబా ఊపిరి తీస్తోంది. చుక్కి దాన్ని నాకడం మొదలుపెట్టింది. అసిరమ్మ అప్పుడు ఏడ్చింది. పుట్టిన క్షణం నుంచీ అది తనది కాకుండా పోయింది కాబట్టి.

"ఒకపాలి ఎత్తుకోనీ డాట్రుబాబు. మళ్లీ మనది కాదుగదా" అంది. ఎత్తుకోమన్నాను.

పరాంకుశం గారు పెట్టెతో వచ్చారు. ప్రభుత్వ దూడను పుట్టిన రోజే ప్రభుత్వం పేరిట నమోదు చేయాలి. తొడుగు తగిలించారు. అయితే ఆ మధ్యనే పెట్టెలో కొత్త ఏర్పాటు ఒకటి చేశారు. నమోదుకు వచ్చిన దూడ ఊపిరి, ఆ మండలంలో పోయిన దూడల్లో దేనితోనైనా కలిస్తే గంట మోగాలి.

గంట మోగింది. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. అలాంటి దీపం ఆ పెట్టెకు ఉందనే మాకు అప్పటిదాకా తెలియదు. 'చుక్కి. యజమాని బోణంగి అసిరమ్మ' అని పడింది.

పుట్టిన రోజు పెయ్యదూడలు, అందులోనూ తల్లీకూతుళ్లు, ఇంచుమించు ఒకలాగే ఊపిరి తీస్తాయని నాకు తెలుసు. చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

పరాంకుశం గారి ముఖం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. రాష్ట్రం మొత్తం మీద దొరికిన మొదటి దూడ అది. ముఠా భయపడి రాత్రికి రాత్రి తెచ్చి వదిలేసి ఉంటుందన్నారు. సన్నాసినాయుడు ఏదో చెప్పబోయాడు గానీ నేను వాడి కాలు తొక్కాను. నిర్బంధంలో పుట్టిన దూడ ప్రభుత్వానిది, నిజమే. కానీ చుక్కి ఎప్పుడో అసిరమ్మ పెరట్లో పుట్టిందని రికార్డు చెబుతోంది. కనుక ఇది ఇక్కడ పుట్టలేదు. దూడను యజమానికి అప్పగిస్తూ ఫోటో తీశారు. పాత పోస్టరు పక్కన పెట్టి చూస్తే దూడలో ఏ మార్పూ లేదు, పరాంకుశం గారికే కాస్త జుట్టు తగ్గింది. ఇన్నాళ్లయినా దూడ అంగుళం కూడా పెరగలేదు చూశారా, ముద్ర అంటే ఇదీ అని ఆయన నా భుజం తట్టారు.

"మరి ఆవు బాబూ?" అంది అసిరమ్మ.

"ఏ ఆవు?" అన్నారాయన. చుక్కి తల్లి చనిపోయినట్టు రికార్డులో ఉంది. ఈ ఆవుకు, చుక్కికి ఏ సంబంధమూ లేదు. అందువల్ల అప్పగించడం కుదరదు.

అసిరమ్మ దూడను భుజాల మీద వేసుకుని గేటు వైపు నడిచింది. దూడ అరిచింది. ఇవతల చుక్కి తాడును గుంజింది, దొడ్డి గుంజ కదిలిపోయేలా గుంజింది.

అయ్యా, దీన్నేం చెయ్యమంటారని సన్నాసినాయుడు అడిగాడు. పరాంకుశం గారు నిబంధనలు తిరగేశారు. దూడ దొరికింది కనుక మార్పిడి కేసు మూసివేయబడింది. కేసు మూసివేసిన మీదట, కేసు నిమిత్తం వాడిన ప్రభుత్వ తాడును విప్పి స్టోరుకు జమచేయాలి. తాడు గురించి స్పష్టంగా ఉంది. ఆవు గురించి ఏమీ లేదు.

"తాడు విప్పి జమచేయండి" అన్నారు.

సన్నాసినాయుడు అంత చురుగ్గా ఏ ఆదేశాన్నీ అమలు చేయలేదు. తాడు స్టోరుకు పోయింది, చుక్కి గేటుకు పోయింది. ముందు అసిరమ్మ, ఆమె భుజాల మీద రికార్డు ప్రకారం చుక్కి, వెనక ఎవరిదీ కాని ఆవు ఒకటి, ముగ్గురూ బజారు మీదుగా నడిచిపోతుంటే నేను వరండాలో నిలబడి చూశాను. నిజం చెప్పాలంటే కళ్లు తుడుచుకుని చూశాను. ఎద్దు కూడా చూసింది.

కబురు ఊళ్లకు పాకింది. నెల తిరక్కుండా జిల్లాలో పోయిన దూడలన్నీ ఒక్కొక్కటే దొరకసాగాయి. పశువులన్న తర్వాత ఎక్కడో ఒకచోట ఈనుతూనే ఉంటాయి. చూలుతో దొడ్డిలో ఉన్నవి అక్కడే ఈనాయి. మిగతావాళ్లు చుట్టాల ఊళ్ల నుంచి దూడల్ని ఎత్తుకొచ్చి పెట్టె ముందు పెట్టారు. పచ్చదీపం వెలిగేది, తాడు స్టోరుకు పోయేది, ఆవు ఇంటికి పోయేది. ముఠా పూర్తిగా లొంగిపోయిందని నివేదిక వెళ్లింది. పరాంకుశం గారికి శాలువా కప్పారు. స్టోరులో తాళ్లకు చోటు చాల్లేదు.

చుక్కి దొరికిన వారంలోపే, దొరికిన దూడ క్షేమంగా ఉందో లేదో చూసి రావాలన్న నిబంధన ప్రకారం పరాంకుశం గారు అసిరమ్మ ఇంటికి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. దూడ పెరట్లో గంతులు వేస్తోంది. పాకలో ఆవు నెమరు వేస్తోంది. ఆయన దూడ వంక చూశారు, ఆవు వంక చూడలేదు. చూడవలసిందిగా ఎక్కడా రాసి లేదు.

అసిరమ్మ ఇద్దరికీ విస్తరాకు ముక్కల్లో జున్ను పెట్టింది. బెల్లం, మిరియాలు వేసి వండిన జున్ను, ఇంకా వెచ్చగా ఉంది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగారు. జున్ను ఈనిన కొత్తలోనే వస్తుందని తూనికల శాఖ వాళ్లకు కూడా తెలుసు.

"అమ్మా, ఇది ఏ ఆవుది?" అన్నారు.

"మీ కాయితాల్లో నేని ఆవుది బాబూ. తినండి."

పరాంకుశం గారు మొదటిసారిగా తలతిప్పి పాక వైపు చూశారు. అక్కడ నుదుటి మీద చుక్కతో ఒక ఆవు నిదానంగా, నిండుగా ఊపిరి తీస్తోంది. ఆయన జేబు తడుముకున్నారు గానీ అందులో నిబంధనల పుస్తకం లేదు. విస్తరాకు ముందుకు చాపి, ఇంకొంచెం పెట్టమన్నారు.

తిని, చెయ్యి కడుక్కుని, గుమ్మంలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చి వదిలారు. పెట్టె ఆఫీసులోనే ఉండిపోవడం వల్ల అది ఎవరి ఊపిరో తేలలేదు.